‘ఊరికే చేస్తే అది పని ఎట్లయితాది?’

ప్రశ్న: మాది కర్నూలు పాత ఊరు. మా నాన్నకు 57 ఏళ్ళు, వడ్లపని చేస్తాడు. 2009 వరద తర్వాత మా వీధిలో నీళ్ళకు ఉబ్బిన తలుపులు, ఊడిపోయిన మంచాలు చాలావరకు ఆయన చేతిమీదే బాగయినాయి. ఇప్పుడు అందరూ రెడీమేడ్ తలుపులు, మాడ్యులర్ కిచెన్లు అంటున్నారు. పని తగ్గింది. పోయినేడు ఒక కాంట్రాక్టరు పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టాడు. అప్పటినుంచి నాన్నకు నిద్ర లేదు, తిండి లేదు, ఎవరితోనూ మాట లేదు. పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులకు చూపించాం. ఐదు నెలలుగా మాత్రలు వాడుతున్నాడు. నిద్ర, తిండి ఇప్పుడు పర్వాలేదు. కానీ గడప దాటడు. అప్పుడప్పుడు ‘నేనుండి ఎవరికి లాభం’ అంటాడు. చేయి వణుకుతోంది, ఉలి పట్టలేనంటాడు.

కల్లూరు వైపు ఒక గోడౌనులో కొందరు రిటైరైన టీచర్లు, కుర్రవాళ్ళు కలిసి ఇళ్ళల్లో వద్దనుకున్న మంచాలు, కుర్చీలు, బీరువాలు తెచ్చి, బాగుచేసి, లేనివాళ్ళకు ఇస్తున్నారు. అక్కడ పనిచేసేవాళ్ళలో మనసు బాగాలేక కోలుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. నాన్నను రమ్మన్నారు. జీతం లేదు. టీ, మధ్యాహ్నం భోజనం పెడతారు. నాన్న ‘ఊరికే చేస్తే అది పని ఎట్లయితాది?’ అన్నాడు. అమ్మ మాత్రం పంపమంటోంది. పంపాలా? జబ్బు సంగతి వాళ్ళకు చెప్పాలా? నాన్నకు అసలు సంగతి చెప్పకుండా ‘వాళ్ళకు మనిషి కావాలంట’ అని తీసుకుపోనా? అక్కడ కుదురుకుంటే మాత్రలు ఆపేయొచ్చా?
— ఒక కొడుకు, కర్నూలు

సమాధానం:

తమ్ముడూ, మీరడిగిన వాటన్నిటికీ వస్తాను. ముందు మీరు అడగకుండా ఒక్క ముక్కలో దాటేసిన మాట ఒకటుంది. ‘నేనుండి ఎవరికి లాభం’ అని మీ నాన్నగారు అప్పుడప్పుడు అంటున్నారని రాశారు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు విసుగొచ్చి ఇట్లాంటి మాటలు అంటూనే ఉంటారు, నిజమే. కానీ డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్న మనిషి నోట ఆ మాట వస్తే విసుగు కింద లెక్క వేయకూడదు. పక్కన ఎవరూ లేనప్పుడు కూర్చుని, ‘నాన్నా, చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనకు భయం. అట్లా పుట్టదు. చాలామందికి అడిగినవాడు ఒకడు దొరికాడన్న ఊరటే కలుగుతుంది.

అవునంటే ఆయన్ను ఒంటరిగా వదలకండి, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకుపొండి. రాత్రయినా సరే, 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ అది, మనసు బాగాలేనివాళ్ళకు ఫోన్‌లో సాయం చేసే సేవ. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆయన లేదన్నా సరే, ఆ మాట డాక్టరు చెవిన వేయండి. ఎట్లయినా సరే, మాత్రల డబ్బా మీ అమ్మగారి దగ్గర ఉండాలి. ఇంట్లో పురుగుమందు డబ్బాల్లాంటివి ఉంటే ఇవాళే బయటికి పోవాలి. గోడౌను సంగతి దీని తర్వాతే.

రెండోది చేతి వణుకు. మీరు దాన్ని దిగులు కిందో, వయసు కిందో రాసుకున్నట్టున్నారు. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలతో చేతులు సన్నగా వణకడం ఉంటుంది. లిథియం అనే మందు వాడేవాళ్ళలో ఇది బాగా తెలిసిన సంగతి. ఇంకొకరికైతే టీ గ్లాసు పట్టుకోవడానికి కాస్త ఇబ్బంది, అంతే. నలభై ఏళ్ళు ఉలితో బతికిన మనిషికి మాత్రం తన విద్య తనను వదిలిపోయినట్టే ఉంటుంది. ఆయన ఇల్లు కదలకపోవడానికి ఇదీ ఒక కారణమేమో చూడండి. డాక్టరుకు ‘చేయి వణుకుతోంది’ అని ఊరుకోకుండా, ‘ఈయన వడ్లపని చేస్తారు, ఈ వణుకుతో ఉలి పట్టలేకపోతున్నారు’ అని చెప్పండి. మోతాదు మార్చొచ్చు, మాత్ర మార్చొచ్చు, థైరాయిడ్ లాంటిది ఉందేమో పరీక్ష రాయొచ్చు. ఓపీలో డాక్టరుకు దొరికేది కొద్ది నిమిషాలే. ఆ కాస్త సమయంలో చెప్పాల్సింది ఇదే.

ఇక గోడౌను. పంపండి. కానీ మీ నాన్నగారు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి పంపండి. అది మొండితనంతో అన్న మాట కాదు, న్యాయమైన ప్రశ్న. చేసిన పనికి డబ్బు ఎగ్గొట్టించుకున్న మనిషిని పిలిచి ‘డబ్బులేకుండా చేయి, నీ మనసుకు మంచిది’ అంటే ఎట్లా ఉంటుంది?

పాత సామాను బాగుచేస్తూ మనుషులు కుదుటపడటం కొత్త సంగతేమీ కాదు. 1949లో పారిస్ దగ్గర ఎమ్మావుస్ అనే సంస్థ మొదలైన కథ చెబుతారు. శిక్ష అనుభవించి తిరిగొచ్చి, ప్రాణం తీసుకోబోయిన జార్జి అనే మనిషి దగ్గరికి ఒక ఫాదర్ వెళ్ళాడు. నీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, ఇళ్ళులేనివాళ్ళకు ఇళ్ళు కడుతున్నాను, వచ్చి నాకు సాయం చేయగలవా అని అడిగాడట. ఆ జార్జే సంస్థకు మొదటి సహచరుడు. (ఆ ఫాదర్ మీద చాలా తీవ్రమైన ఆరోపణలు 2024లో బయటపడ్డాయి. ఆయన పేరు ఎత్తబుద్ధి కాక వదిలేస్తున్నా. జార్జి కథ మాత్రం జార్జిదే.) తర్వాత వాళ్ళు పాత గుడ్డలు, సామాన్లు ఏరి అమ్ముకుని బతికారు. ఇప్పుడు బ్రిటన్‌లో కూడా ఎమ్మావుస్‌తో పాటు ఇట్లాంటి సంస్థలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. సోఫాలు, మంచాలు ఇళ్ళనుంచి తెచ్చి, బాగుచేసి, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు చౌకగా అమ్ముతాయి. పనిచేసేవాళ్ళలో చాలామంది జీతం లేని వలంటీర్లు, అందులో మానసిక సమస్యల నుంచి కోలుకుంటున్నవాళ్ళు ఎందరో. అక్కడి డాక్టర్లే కొందరిని ఇట్లాంటి చోట్లకు పంపుతుంటారు.

జార్జి కథలో నాకు పట్టుకున్నది ఒకటే. అతన్ని ఎవరూ ఓదార్చలేదు, అతని సాయం అడిగారు. ‘నేనుండి ఎవరికి లాభం’ అనే మనిషికి మనం ఇంట్లో రోజంతా ఏం చేస్తున్నాం? అన్నం కలిపి పెడతాం, మాత్ర అందిస్తాం, పని చెప్పం, పేపరు కూడా పక్కింటివాళ్ళ చేత తెప్పిస్తాం. ప్రేమతోనే. కానీ ఆయన మాట నిజమేనని రోజూ రుజువు చేస్తున్నట్టు అవుతుంది. మనసు బాగయ్యాక పనికి పోదాం అని ఎదురుచూసేవాళ్ళకు ఆ రోజు తొందరగా రాదు. చాలామందిలో కాళ్ళు ముందు కదులుతాయి, ఉత్సాహం ఆలస్యంగా వెనక వస్తుంది. డిప్రెషన్ చికిత్సలో రోజుకింత పని రాసిచ్చి చేయించే పద్ధతే ఒకటుంది.

అయితే ఏ పని? అక్కడ ఒక చిక్కుంది. చదువుకున్న కుర్రవాడికైతే గరుకుకాగితంతో కుర్చీ రుద్దడమే కొత్త విద్య. మీ నాన్నగారికి ఇసుకకాగితం చేతికిచ్చి మూలన కూర్చోబెడితే అది అవమానం. చెక్క గురించి ఆయనకు తెలిసిందంతా ఆ గోడౌనులో ఇంకెవరికీ తెలియదు, వాళ్ళకు కావలసిందీ అదే. ఇట్లాంటి చోట్ల అసలు కష్టం రిపేరులో ఉండదు, ఏది తీసుకోవాలి ఏది వద్దనాలి అన్నదాంట్లో ఉంటుంది. జనం ఇచ్చేది సగం దానం, సగం చెత్త. బ్రిటన్‌లో ఈ సంస్థలు నిప్పు భద్రత లేబుల్ లేని సోఫాను ఎంత కొత్తగా ఉన్నా ముట్టుకోవు, 1988లో వచ్చిన నిబంధనలు అక్కడ అట్లా ఉన్నాయి. మన దగ్గర ఆ లేబుల్ గొడవ లేదు. అందుకని అనుభవమున్న కన్ను ఒకటి ఉండాలి. నల్లులు పట్టిన మంచం ఒకటి గోడౌనులోకి వస్తే మిగతా అన్నిటికీ పాకుతాయి. చెదలు తిన్న బీరువా బయటికి నున్నగానే ఉంటుంది, వేలితో తడితే డొల్ల మోగుతుంది. కింద సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉంది. చెక్కపొట్టు అతికించి చేసిన పార్టికల్ బోర్డు టేబుల్ ఒకసారి నీళ్ళకు ఉబ్బిందంటే దాని మీద పెట్టే ప్రతి గంటా దండగ. అదే పాత వేపచెక్క పట్టెమంచమో, మేకు లేకుండా చెక్కలో చెక్క దింపి బిగించిన టేకు కుర్చీయో అయితే, చూడ్డానికి ఎంత అధ్వాన్నంగా ఉన్నా విప్పి మళ్ళీ బిగించొచ్చు. ఇంకో తరం వాడుకుంటుంది.

ఇదంతా మీ నాన్నగారికి నేను చెప్పేదేముంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఊరి మీద పడ్డాక, బురదలో తేలిన సామాన్లలో ఏది ఎండబెట్టాలో ఏది పొయ్యిలో పెట్టాలో చూసి చెప్పిన మనిషి. గోడౌనువాళ్ళను ఆయనకు ఈ పని ఇవ్వమనండి: వచ్చిన ప్రతి వస్తువునూ మొదట ఆయన చూడాలి, ఉంచాలా వద్దా చెప్పాలి, ఇద్దరు కుర్రవాళ్ళకు అతుకులు విప్పడం, బిగించడం నేర్పాలి. చేయి వణుకుతున్నన్నాళ్ళు ఉలి వాళ్ళు పడతారు, ఈయన చెబుతారు. ఆయన్ను అక్కడ ‘పెద్దాయన’ అని కాకుండా ‘మేస్త్రీ’ అని పిలిస్తే ఇంకా మంచిది. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో.

రమ్మనడం కూడా మీ ద్వారా కాకుండా, వాళ్ళలో ఒకరు ఇంటికొచ్చి అడగాలి. కొడుకు తీసుకుపోతే చికిత్స అవుతుంది. బయటివాళ్ళు వచ్చి ‘ఈ బీరువా తలుపు కూర్చోవడం లేదు, ఒకసారి చూసి చెబుతారా’ అంటే అది వృత్తి. మొదటి రోజు చూసి వచ్చేయమనండి, పని చేయక్కర్లేదు.

మీ మూడో ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. వాళ్ళకు మనిషి కావాలన్నది నిజం. దాన్ని నిజంగానే చెప్పండి. కానీ దాని వెనక ఇంకో సంగతి దాచిపెట్టకండి. ‘నువ్వు బయటికి పోతే నీకు కూడా బాగుంటుందని డాక్టరు, అమ్మ, నేను అనుకుంటున్నాం’ అని ఒక్క మాట చెప్పేయండి. మాత్రలు తానే మింగుతున్న మనిషికి తన జబ్బు తెలియదా? రేపు అక్కడ ఎవరైనా నోరుజారి చెబితే, కాంట్రాక్టరు తర్వాత మోసం చేసిన రెండోవాడు కొడుకు అవుతాడు.

వాళ్ళకు జబ్బు సంగతి చెప్పాలా వద్దా అన్నది మీరు తేల్చేది కాదు, ఆయన తేల్చాలి. నా సలహా అడిగితే, అక్కడ ఒక్కరికి తెలిస్తే చాలు. అదీ ఎందుకంటే, నిద్రమత్తు తెచ్చే మాత్ర ఏదైనా ఉంటే కట్టర్ మిషను, కరెంటు రంపం దగ్గరికి ఆయన్ను పోనివ్వకూడదు. ఏ పూట మత్తుగా ఉంటుందో, ఏ పూట బాగుంటుందో డాక్టరును అడిగి ఆ ఒక్కరికీ చెప్పండి. జబ్బు పేరు, మాత్రల పేర్లు వాళ్ళకు అనవసరం.

ఫోటోల సంగతి మాత్రం గట్టిగా మాట్లాడుకోండి. మంచి పని చేసే సంస్థలకు ఈ మధ్య ఒక జబ్బు పట్టుకుంది. చేసినదానికన్నా చూపించుకోవడం ఎక్కువైంది. ‘మానసిక రోగులు బాగుచేసిన కుర్చీలు’ అని మీ నాన్నగారి ముఖంతో వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో తిరిగితే ఆయన మళ్ళీ గడప దాటరు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స పొందుతున్నవాళ్ళ వివరాలు గోప్యంగా ఉంచాలి, వాళ్ళు ఒప్పుకోకుండా ఆసుపత్రి నుంచి ఫోటో గానీ సమాచారం గానీ మీడియాకు పోకూడదు. చట్టం ఆసుపత్రులకు చెప్పిన ఆ మర్యాదను గోడౌనువాళ్ళు కూడా పాటించాలి. పాటించమంటే ముఖం మాడ్చుకునేవాళ్ళయితే పంపకండి.

జీతం లేకపోవడం గురించి. వారానికి రెండు పూటలు, పూటకు మూడు గంటలు. అంతకు మించి వద్దు. ఇది మొదట్లోనే తేల్చి చెప్పండి. చేయి తిరిగిన మేస్త్రీ ఉచితంగా దొరికితే, ఎంత మంచివాళ్ళయినా రెండు పూటలు నాలుగవుతాయి, నాలుగు ఆరవుతాయి. రానుపోను ఆటో ఖర్చు వాళ్ళు పెట్టుకోవాలి. బాగుచేసిన సామాన్లు ఏవైనా అమ్ముతుంటే ఆ డబ్బు ఎటు పోతోందో ఆయన అడిగితే చెప్పాలి. వాళ్ళు బయటి గిరాకీ పట్టి, కూలికి చేసే పని ఏదైనా చేయిస్తే దానికి కూలి ఇవ్వాలి. ఇంకొకటి, రెండు వారాలు ఆయన రాకపోతే ఎవరైనా ఇంటికొచ్చి కనుక్కుంటారా అని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్ళ జవాబును బట్టి, వాళ్ళకు కావలసింది ఆయన చేతులా, ఆయనా అన్నది తెలిసిపోతుంది.

‘ఊరికే చేస్తే అది పని ఎట్లయితాది’ అన్నదానికి ఆయనతో ఇట్లా చెప్పి చూడండి: ఇది సంపాదన కాదు నాన్నా, సంపాదనకు మళ్ళీ పోయేదాకా చేయి ఆడించుకోవడం. ఆ మాట వట్టిది కాకూడదు, కాబట్టి సంపాదన దారి కూడా చూసి పెట్టండి. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 చేతివృత్తుల్లో వడ్రంగం ఒకటి. కామన్ సర్వీస్ సెంటరులో ఆధార్‌తో పేరు నమోదు చేయించాలి. శిక్షణకు పోయిన రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15 వేల దాకా ఇస్తారు. తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష వరకు అప్పు కూడా ఉంది. కుటుంబంలో ఒకరికే. ముద్ర లాంటి అప్పు ఇంతకుముందు తీసుకుని ఉంటే ముందే కనుక్కోండి. అప్పు జోలికి మాత్రం ఈ ఏడాది పోకండి. మనసు పూర్తిగా కుదురుకోని మనిషి నెత్తిన వాయిదాలు పెట్టకూడదు. నమోదు, శిక్షణ, పనిముట్లు చాలు.

ఆరోగ్యం జాగ్రత్తలు రెండు చెబుతాను. ఆయన ఇన్నేళ్ళూ మాస్కు లేకుండానే చేసి ఉంటారు, ఇప్పుడు మీరు చెబితే నవ్వుతారు కూడా. చెక్కపొడి ముక్కు క్యాన్సరుకు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. పాత సామాన్లతో ఇంకో ప్రమాదం రంగు. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు పూసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. పాత రంగును పొడిగా రుద్దకూడదు, తడిపి రుద్దాలి, ఆ పొడి ఊడ్చకుండా తడిగుడ్డతో తీసేయాలి, పిల్లలు తిరిగే చోట చేయకూడదు. కుర్రవాళ్ళకు ఈ నియమం పెట్టే బాధ్యత ఆయనకే అప్పగిస్తే తాను కూడా మాస్కు పెట్టుకుంటారు.

రెండోది మన ఎండ. గోడౌనుకు రేకులే ఉంటాయి కదా. మార్చి దాటితే పొద్దున ఏడు నుంచి పది లోపలే పని. కొన్ని మానసిక వైద్యం మాత్రలతో ఒంటికి చెమట సరిగా పట్టదు, వేడి తట్టుకోలేరు. లిథియం వాడేవాళ్ళకు ఒంట్లో నీళ్ళు తగ్గితే రక్తంలో మందు పెరిగి ప్రమాదం. ఉప్పు వేసిన మజ్జిగ, నీళ్ళ సీసా వెంట పంపండి. వణుకు ఉన్నట్టుండి ఎక్కువైనా, వాంతులు విరేచనాలైనా, నడక తూలినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపొండి.

మాత్రలు ఆపొచ్చా అంటే, ఆపకూడదు. అక్కడికి పోయి నవ్వుతూ తిరిగొస్తున్నారని ఆపేయడం అందరూ చేసే పొరపాటు. మనిషి బాగయ్యాక కూడా మామూలుగా ఆరు నెలల నుంచి తొమ్మిది నెలల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మందు కొనసాగిస్తారు. ఒక్కసారిగా మానేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్ర చెడడం వస్తాయి, జబ్బు తిరగబెట్టే అవకాశమూ పెరుగుతుంది. ఎప్పుడు తగ్గించాలో డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. గోడౌను మాత్రకు తోడు, బదులు కాదు. ఈ మాట గోడౌనువాళ్ళకు కూడా చెప్పి ఉంచండి. ‘పనిలో పడితే మందులెందుకు’ అని ధైర్యం చెప్పే పెద్దమనిషి ప్రతిచోటా ఒకడుంటాడు.

మొదటి రోజే బాగోకపోవచ్చు. వెళ్ళి అరగంటలో తిరిగొచ్చేయొచ్చు. ‘వాళ్ళకు ఏమీ తెలీదు, ఫెవికాల్ పూసి మేకులు కొడుతున్నారు’ అని తిట్టొచ్చు. తిడితే సంతోషించండి, ఇన్ని నెలల తర్వాత ఆయనకు ఒక సంగతి మీద పట్టింపు వచ్చినట్టు. అసలు పోనే పోనంటే బలవంతం చేయకుండా నెల తర్వాత మళ్ళీ అడిగించండి.

మీ అమ్మగారిని మాత్రం ఆయనకు తోడుగా గోడౌనుకు పంపకండి. ఇన్ని నెలలుగా ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నది ఆమే. ఉత్తరంలో ఆమె గురించి ఒక్క వాక్యమే రాశారు. ఆ రెండు పూటలూ ఆమె అక్కగారింటికి పోతారో, గుడికి పోతారో, తలుపేసుకుని నిద్రపోతారో, ఆమె ఇష్టం. ఆసుపత్రికి తర్వాతిసారి పోయినప్పుడు, ఆమెకు నిద్ర పడుతోందా అని కూడా డాక్టరును అడగనివ్వండి.